సముద్రం వైపు గది

ఆ ఇంటికి రెండు వాటాలు. కింద పెద్దకొడుకు కుటుంబం, పైన చిన్నకొడుకూ అతని భార్యా. అత్తగారు పగలంతా కింద, రాత్రికి పైన. మోకాళ్లు మొరాయించిన రోజున ఎక్కడుంటే అక్కడే. పెద్దకొడుకు సిటీ బస్సు నడుపుతాడు. చిన్నకొడుకు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. పెద్దకోడలు ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది, చిన్నకోడలు కళ్లద్దాల దుకాణంలో. పెళ్లిళ్లకూ చావులకూ తప్ప వాళ్లంతా కలిసి ఊరు దాటిన పాపాన పోలేదు.

ఆ వేసవికి ఎలాగైనా వెళ్లాలని పట్టుబట్టింది చిన్నకోడలే. కళ్లజోడు కాడ వదులైందని దుకాణానికి వచ్చిన ఒక లెక్కల టీచరు, ఆమె మర బిగిస్తున్నంతసేపూ తాను వెళ్లొచ్చిన చోటు గురించి చెబుతూ కూర్చుంది. నేల సన్నగా, వేలు చాపినట్టు సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుందట. ఆ వేలి కొసన పసుపురంగు ఇల్లు ఒకటి. ఇల్లుగలావిడ పెద్దది, ఒంటరిది. వేసవిలో ఎవరైనా వస్తే ఇల్లంతా వాళ్లకు వదిలేసి, ఊళ్లో మేనకోడలి దగ్గరికి వెళ్లిపోతుంది. టీచరు ఫోన్ నంబరు కూడా ఇచ్చి వెళ్లింది.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం కింది వాటాలో భోజనాల బల్ల తుడిచి, దాని మీద మ్యాపు పరిచారు.

"ద్వీపకల్పం," అంది పెద్దకోడలి కూతురు, క్లాసులో చెప్పినట్టు చేతులు కట్టుకుని. "మూడు వైపులా నీళ్లు, ఒక వైపు నేల."

"ఆ ఒక్క వైపూ ఎందుకు వదిలేశారు?" అన్నాడు దాని తమ్ముడు.

"మనం బస్సులో వెళ్లొద్దూ?" అన్నాడు వాళ్ల నాన్న. "నేను మాత్రం కిటికీ పక్కన కూర్చుంటాను. డ్రైవరుకి ఒక్క సలహా కూడా ఇవ్వను." ఆ మాట అక్కడున్న వాళ్లలో ఒక్కరూ నమ్మలేదు.

అక్కడికక్కడే ఇల్లుగలావిడకు ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. ఆవిడ గొంతు బొంగురుగా, హుషారుగా ఉంది. పిల్లలు ఆ పూటే ఆవిడకు సముద్రం మామ్మ అని పేరు పెట్టేశారు. మెట్లెన్ని ఉన్నాయని అత్తగారు అడిగింది. చేపలు పట్టనిస్తారా అని చిన్నకొడుకు అడిగాడు.

"మామ్మా, సముద్రం రాత్రిళ్లు కూడా ఉంటుందా?" అన్నాడు పిల్లవాడు.

"ఉంటుంది నాన్నా. పొద్దుపోయాక ఇంటికి వెళదామంటే దానికి ఇల్లెక్కడుంది?"

ఆ తరవాత ప్రతి ఆదివారం ఏదో ఒక వంకతో ఆవిడకు ఫోన్ వెళ్లేది. దుప్పట్లు తెచ్చుకోవాలా, అక్కడ దోమలుంటాయా, పాలు ఎన్నింటికి వస్తాయి. ఒక్కోసారి అడగడానికేమీ ఉండేది కాదు. ఆవిడే అడిగేది: "పెద్దావిడ మోకాలెలా ఉంది? పిల్లాడికి జలుబు తగ్గిందా?" ఎప్పుడూ మొహం చూడని మనిషి, బల్ల దగ్గర ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే అయిపోయింది.

గొడవ గదుల దగ్గర వచ్చింది.

ఆ ఇంట్లో వంటిల్లు కాక నాలుగు గదులు. మూడు మామూలువి. ముందు గది ఒక్కటే సముద్రం మీదికి ఉంటుంది. మూడు గోడలకూ కిటికీలే. మంచం మీద నుంచి లేవకుండా మూడు వైపులా నీళ్లు చూడొచ్చని టీచరు చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచీ చిన్నకోడలు మనసులో ఆ గదిలోనే కాపురం పెట్టేసింది. తీరా చూస్తే పెద్దకోడలూ అదే పని చేసింది.

"ఇల్లు వెతికింది నేను కదక్కా," అంది చిన్నకోడలు, నవ్వుతూనే.

"వెతికావు, కాదన్నానా? కానీ నా మాట కూడా విను. రోజూ ఊరందరి పక్కలూ ఉతుకుతాను. ఆవిరిలో ఉడికి ఇంటికొస్తాను. ఒక్క వారం వేరేవాళ్లు వేసిన పక్క మీద పడుకుని నీళ్లు చూస్తానంటే తప్పా?"

"నేను మాత్రం రోజంతా గాలికి తిరుగుతున్నానా?"

"నీకేం తల్లీ, ఏసీలో కూర్చుని అద్దాలు తుడవడమేగా."

"పోనీ ఆ గది పిల్లలకిచ్చేయండే," అంది అత్తగారు. ఎవరూ వినిపించుకోలేదు. అన్నదమ్ములిద్దరూ మ్యాపులోకి తలలు దూర్చేశారు, దారి అక్కడెక్కడో తప్పిపోయినట్టు.

మాటా మాటా పెరిగింది. చివరికి పెద్దకోడలు, "అయినా మీరిద్దరే కదా, ఇద్దరికి అంత పెద్ద గది దేనికి?" అనేసింది.

ఆ మాటలో ఆమె విషమేమీ కలపలేదు. గది వెడల్పు గురించే అంది. కానీ పెళ్లయినప్పటి నుంచీ డాక్టర్ల చుట్టూ తిరిగి, ఆ మధ్యే తిరగడం మానేసిన మనిషికి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. చిన్నకోడలు లేచింది. మ్యాపు మడతపెట్టింది. ఆ మడతలు సరిగ్గా పడలేదు. అలాగే చేత్తో నలిపి పట్టుకుని మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

మర్నాడు దుకాణం వెనక గదిలోంచి సముద్రం మామ్మకు ఫోన్ చేసి, రావడం లేదని చెప్పింది. ఎవరినీ అడగలేదు.

"అయ్యో, పక్కగుడ్డలన్నీ ఉతికి ఆరేశానే!" అంది ఆవిడ. గొంతు తగ్గించి, "ఇంట్లో మాటలొచ్చాయా?" అని అడిగింది. చిన్నకోడలు ముక్కు ఎగబీల్చింది. "సరేలే అమ్మాయ్, ఏడవకు. ఉతికిన పక్కలు వృథా ఎందుకు? ఆ వారం నేనే ముందు గదిలో పడుకుంటా, నా ఇంటికి నేనే చుట్టాన్నయి."

ఆ వార్త పైనుంచి కిందికి అన్నదమ్ముల ద్వారా దిగింది. పిల్లలు ఏడ్చారు. పెద్దకోడలు పెట్టుకున్న సెలవు వెనక్కి తీసుకుంది. ఆ రోజు నుంచి రెండు వాటాల మధ్య మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఒకరు గోడను చూసేవారు, ఒకరు చెప్పులను. అత్తగారు మాత్రం పైకీ కిందికీ తిరుగుతూ, "నా మోకాళ్ల మీద మీకు పగేమిటే?" అని సణుక్కునేది.

శుక్రవారం సాయంత్రం వాళ్లు అక్కడికి చేరాల్సింది. శనివారం పొద్దున చిన్నకోడలు ఎప్పటిలాగే దుకాణం తెరిచి, ఒక పెద్దాయన ముక్కు మీద కొత్త ఫ్రేము నిలబెట్టి, చెవుల వెనక ఎక్కడ నొక్కుతోందో వేలితో చూస్తోంది. గోడ మీద టీవీ దాని పాటికది మోగుతోంది.

"అరెరే," అన్నాడు పెద్దాయన, కొత్త అద్దాల్లోంచి ఆమె భుజం మీదుగా చూస్తూ. "ఇల్లు సగానికి తెగిపోయిందే!"

ఆమె వెనక్కి తిరిగింది. పైనుంచి తీసిన బొమ్మ. వేలు చాపినట్టున్న నేల. దాని కొసన గోరు విరిగినట్టు ఒక ముక్క లేదు. ఆ అంచు మీద పసుపురంగు ఇల్లు నోరు తెరుచుకుని నిలబడి ఉంది. వెనక గోడలున్నాయి, పైకప్పులో సగం ఉంది. ముందు వైపు ఏమీ లేదు. కింద, చాలా కింద, మట్టి కలిసి ఎర్రబడిన నీళ్లలో ఏవో చెక్కలు తేలుతున్నాయి. తెల్లవారుజామున కొండచరియ విరిగిపడిందనీ, ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో తెలియలేదనీ చెబుతున్నారు.

"అమ్మా, కాడ... కాడ గుచ్చుకుంటోంది," అన్నాడు పెద్దాయన.

ఆమె చెయ్యి అతని చెవి మీదే బిగుసుకుపోయింది. వదలాలని తెలుసు. ఎలా వదలాలో తెలియలేదు. దుకాణం యజమాని వచ్చి ఒక్కొక్క వేలూ విడదీశాడు.

ఫోన్ చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. అందుబాటులో లేరంటూ ఎవరో అమ్మాయి ఎంతో మర్యాదగా చెబుతోంది. మూడోసారి ఆ మర్యాద పూర్తిగా వినకుండానే కట్ చేసింది. బ్యాగు అక్కడే వదిలేసి రోడ్డు మీదికి వచ్చేసింది.

మొగుడి దగ్గరికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఆమెకు ఆనక కూడా అర్థం కాలేదు. కాళ్లు ఆసుపత్రి వైపు నడిచాయి. వెనక గేటు, దాని పక్క నేలమాళిగ మెట్లు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తోడికోడలు పనిచేసే చోటు చూడలేదు. లోపల వేడి మొహాన కొట్టింది. గోడ పొడుగునా యంత్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. తెల్లటి దుప్పట్ల గుట్టల మధ్య, జుట్టుకు గుడ్డ కట్టుకుని, ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని దులుపుతున్నారు. అందులో ఒకరు పెద్దకోడలు.

తోడికోడలి మొహం చూడగానే ఆమె దుప్పటి వదిలేసింది.

"ఎవరికేమైంది?"

"అక్కా, ఆ ఇల్లు పడిపోయింది."

"ఏ ఇల్లు? మన ఇల్లా?"

"సముద్రం ఇల్లు. తెల్లవారుజామున. ముందు గది లేదు. మనం నిన్న సాయంత్రం..."

పెద్దకోడలు ఆమె చెప్పేది పూర్తిగా వినలేదు. గోడకు తగిలించిన ఫోన్ తీసి ఇంటికి చేసింది. అత్తగారు ఎత్తింది.

"పిల్లలెక్కడ? లేదు, ఏం కాలేదు. ముందు దానికివ్వండి. ఆఁ, నువ్వేనా? ఏం చేస్తున్నావు? సరే, తమ్ముడికివ్వు. ఒరేయ్, మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడరా. పాలు తాగావా?" పిల్లవాడేదో చెప్పుకుపోతున్నాడు. ఆమె వింటూ వింటూ గోడకు ఆనుకుని కిందికి జారి, తడి నేల మీద కూర్చుండిపోయింది. ఫోన్ పెట్టేశాక కూడా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. పిల్లల పేర్లే, ఒకటి తరవాత ఒకటి.

కాసేపటికి తలెత్తింది. "మరి మామ్మ? మేనకోడలి ఇంట్లో ఉందిగా?"

"మనం వెళితేనే కదా అక్కడికి వెళ్లేది. మనం వెళ్లలేదు. ముందు గదిలో పడుకుంటానంది. ఆ గదిలోనే. నేను రావట్లేదని చెప్పబట్టే..."

యంత్రం ఒకటి తిరగడం ఆగిపోయి కూత పెట్టింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు పెద్దకోడలు లేచి, జుట్టుకున్న గుడ్డ విప్పేసి, "పద," అంది.

ఇద్దరూ ఉన్న బట్టల్తోనే బస్సెక్కారు. దారిలో పెద్దకోడలు మొగుడికి ఫోన్ చేసి ఒక్క ముక్కలో చెప్పింది. అవతల అతను డిపోలో ఉన్నాడు. "నేనే తీసుకెళ్లేవాణ్ని," అన్నాడు. "నా చేతుల్తో సామాన్లు దింపి ఆ గదిలో పెట్టేవాణ్ని." అంతే, పెట్టేశాడు.

మధ్యాహ్నం దాటాక బస్సు సన్నటి నేల మీదికి వచ్చింది. ఒక కిటికీలో నీళ్లు, ఎదుటి కిటికీలోనూ నీళ్లు. ఎండకు సముద్రం మెరిసిపోతోంది. గట్టు పొడుగునా పసుప్పచ్చటి పూలు. ఎంత బాగుంటుందో టీచరు చెప్పింది అబద్ధం కాదు, ఇంకా తక్కువే చెప్పింది. ఇంత జరిగాక కూడా ఆ చోటు అంత అందంగా ఉండడం చూస్తే చిన్నకోడలికి భయం వేసింది. తల దించుకుని తన కాళ్లకేసి చూసుకుంటూ కూర్చుంది.

ఊరి చివర రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. దాని దగ్గర కుర్ర పోలీసు ఒకడు నిలబడ్డాడు.

"ముందుకు వెళ్లకూడదండీ. ఊళ్లో వాళ్లకి, బంధువులకి తప్ప..."

"మేం బంధువులమే," అంది పెద్దకోడలు.

"ఏమవుతారు?"

"కోడళ్లం."

ఆ మాటలో అబద్ధమూ లేదు, నిజమూ లేదు. అతను ఇద్దరి మొహాలూ చూసి తాడు ఎత్తాడు. "ఆవిడ పడవల షెడ్డులో ఉందండీ. ఎవరు చెప్పినా అక్కణ్నించి కదలనంటోంది."

"ఉందా?" అంది చిన్నకోడలు. "అంటే... ఉందా?"

"ఉందండీ," అన్నాడతను, ఈ ప్రశ్నేమిటో అర్థంకాక.

షెడ్డులో బోర్లించిన పడవ పక్కన, పీట మీద ఒక బక్కపలచటి ముసలావిడ కూర్చుని ఉంది. చీర కొంగంతా సున్నం, మట్టి. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు. చేతిలో ఖాళీ గ్లాసు. మేనకోడలు కాబోలు, పక్కన నిలబడి పదే పదే ఇంటికి రమ్మని పిలుస్తోంది.

"మామ్మగారూ," అంది చిన్నకోడలు.

ఆవిడ కళ్లు చికిలించి గుమ్మం వైపు చూసింది. "గొంతు తెలుసు. రానన్న అమ్మాయివి కదూ?"

చిన్నకోడలు వెళ్లి ఆవిడ మోకాళ్ల దగ్గర కూలబడింది. ఏమని అడగాలో తెలియక, "ముందు గదిలో పడుకుంటానన్నారు," అంది.

"పడుకున్నానమ్మా. నిన్నరాత్రి దుప్పటీ అదీ వేసుకుని దర్జాగా పడుకున్నాను. ఎక్కడ, నిద్ర పడితేనా? ఒకటే హోరు! ఇన్నాళ్లూ రెండు గోడల అవతల నుంచి వినడమే గానీ అంత దగ్గరగా ఎప్పుడు విన్నాను? పైగా మంచం మెత్తన. ఇక నావల్ల కాక, దిండు చంకన పెట్టుకుని వంటింటి పక్క నా నులకమంచం దగ్గరికి వెళ్లిపోయాను. ఆ గది అద్దెకొచ్చేవాళ్లకే బాగుంటుంది." గ్లాసులోకి చూసుకుంది. "పొద్దున స్టవ్ వెలిగిస్తున్నాను. పెద్ద చప్పుడేం కాలేదు. ఎవరో నిట్టూర్చినట్టయింది. తలుపు తీసి చూద్దును గదా, తలుపవతల ఆకాశం."

మేనకోడలు ఆవిడ చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

"ఆ తలుపు చలికాలం నుంచీ పట్టేస్తోంది," అంది ఆవిడ మళ్లీ, తనలో తాను. "వడ్రంగిని పిలిపించి అంచు చెక్కించాను. నేలే వంగుతోందని నాకేం తెలుసు? చెక్కించి, నూనె రాసి, పిల్లలకి తేలిగ్గా తెరుచుకుంటుందిలే అనుకున్నాను."

పెద్దకోడలు చటుక్కున బయటికి వెళ్లింది. చిన్నకోడలు వెనకే వెళ్లింది. షెడ్డు బయట నుంచి గట్టు మీది ఇల్లు కనిపిస్తోంది. టీవీలో చూసినట్టు లేదు. దగ్గర్నుంచి చూస్తే అది ఇల్లే. గోడకు క్యాలెండరు ఉంది. దండెం మీద తువ్వాలు ఉంది. నడవా చివర తెరిచి ఉన్న తలుపు, దాని అవతల గాలి.

"అత్తయ్య పిల్లల్ని వెయ్యమంది ఆ గదిలో," అంది పెద్దకోడలు. "నువ్వు ఇంకో మాట అని ఉంటే నేను సరేననేదాన్ని. నీకు దక్కకుండా పోతే చాలని, పిల్లలకే ఇచ్చేదాన్ని." చిన్నకోడలి వైపు తిరిగింది. "ఆ రోజు నేనన్న మాట..."

"ఇప్పుడొద్దక్కా."

"ఇప్పుడే అననీ. అనకూడని మాట అన్నాను. ఆ మాటే మనందరినీ..." అక్కడ ఆగిపోయింది. అది తప్పో ఒప్పో, దానికి సిగ్గుపడాలో దండం పెట్టాలో ఆమెకు తోచలేదు. చిన్నకోడలికీ తోచలేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కళ్లు తిప్పుకోలేక ఆ తలుపునే చూస్తూ నిలబడ్డారు.

సాయంత్రానికి ఎలాగో ఒప్పించి ముసలావిడను మేనకోడలి ఇంటికి నడిపించారు. అప్పటిదాకా ఆవిడ కళ్లల్లో చుక్క నీరు లేదు. మేనకోడలు వేడినీళ్లు పెట్టింది, చీర ఇచ్చింది. జుట్టులోని సున్నం దులుపుకోబోతూ ఆవిడ, "నా దువ్వెన ఇటియ్యి," అంది, పక్కకు చెయ్యి చాపి. అలా చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. "దువ్వెన," అంది మళ్లీ. "కిటికీలో పెట్టాను." అప్పుడు పట్టుకుంది వణుకు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఇద్దరు పట్టుకున్నా ఆగలేదు. పెద్దకోడలు ఆవిడ వెనక కూర్చుని, రోజూ తడి బట్టలు పిండే ఆ గట్టి చేతుల్తో ఒడిసి పట్టుకుని, వణుకు తగ్గేదాకా వదల్లేదు. తగ్గాక వేళ్లతోనే చిక్కులు తీసి, నెమ్మదిగా జడ వేసింది.

మిగిలిన సగం ఇంటిని వారం తిరక్కుండానే అధికారులు కూల్చేశారు. సముద్రం మామ్మ మేనకోడలి దగ్గరే ఉండిపోయింది. మాతో వచ్చెయ్యమని అన్నదమ్ములిద్దరూ వెళ్లి అడిగితే, "మీ ఊళ్లో నాకు నిద్ర పట్టదు నాయనా, హోరుండదు," అని పంపేసింది.

సెలవులు ముగిసేలోగా వాళ్లు మళ్లీ అక్కడికి వెళ్లారు, ఈసారి అందరూ. ఎవరు ముందన్నారో తెలియదు. వద్దని మాత్రం ఎవరూ అనలేదు. ఊరి మధ్య, గట్టుకు చాలా దూరంగా, మేనకోడలి ఇంట్లో ఒకే ఒక పెద్ద గది. సముద్రం కనిపించదు. అందరికీ వరసగా కింద పరుపులు వేశారు. పగలంతా పిల్లలు ఇసుకలో దొర్లారు. వాళ్ల నాన్న వచ్చేటప్పుడు బస్సు డ్రైవరుకి దారి పొడుగునా సలహాలిచ్చాడు. చిన్నకొడుకు గాలం వేసి ఒక్క చేప కూడా పట్టలేదు. మామ్మ ఒడ్డున గొడుగు కింద కూర్చుని, లోపలికి వెళ్లొద్దని అందరినీ కేకలేసింది.

తెల్లవారుతుండగా చిన్నకోడలికి మెలకువ వచ్చింది. గదిలో అందరూ నిద్రపోతున్నారు. పెద్దకోడలి చెయ్యి నిద్రలోనే కొడుకు చొక్కా అంచు పట్టుకుని ఉంది. చిన్నకోడలు పరుపు పక్కకు చెయ్యి జార్చి, అరచెయ్యి నేల మీద ఆనించింది. చల్లగా, గట్టిగా ఉంది. అయినా చెయ్యి తియ్యలేదు.

"ఏమిటే అది?" అని గుసగుసగా అడిగింది పక్కనే ఉన్న అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. నేల... ఊరికే చూస్తున్నా."

"నేలెక్కడికి పోతుందే, పడుకో."

కాసేపటికి ఆ మసక చీకట్లో అత్తగారి గాజులు చిన్నగా చప్పుడయ్యాయి. ఆవిడ కూడా చెయ్యి కిందికి దించి, నేల మీద పెట్టింది.